మా వీధి మలుపులో ఆగిన కేబుల్

పటమట, విజయవాడ
21-8-2009, శుక్రవారం

చిరంజీవి తమ్ముడు దుర్గాశంకర్‌ను అక్క చౌడేశ్వరమ్మ ఆశీర్వదించి వ్రాయునది. నువ్వు, మరదలు రామతులసి, పిల్లలు చల్లగా ఉండాలని చౌడేశ్వరి తల్లిని రోజూ కోరుకుంటూనే ఉన్నాను. ఇక్కడ మీ బావా నేనూ క్షేమం. కొట్లో చీరల బేరం ఫరవాలేదు.

మర్యాదలు అయిపోయాయి. ఇక నా కోపం చదువు.

నాలుగిళ్ల అవతల ఉన్న తమ్ముడికి స్టాంపు అంటించి ఉత్తరం వేయడమేమిటని మీ బావ నవ్వారు. నీ గుమ్మం ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాను కదా. పైగా ఎదురుపడితే నేను సగంలో ఏడుస్తాను. నేను ఏడిస్తే నువ్వు ఓదారుస్తావు. ఓదార్చి, నీ మాటే నెగ్గించుకుంటావు. చిన్నప్పటి నుంచీ అంతే. కాగితం మీదైతే చివరిదాకా తిట్టగలను.

జూలై తొమ్మిదో తారీఖున ఏం జరిగిందో నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు. మొత్తం ఇప్పుడు తెలుసుకో.

పొద్దున పది గంటలకు చెన్నై నుంచి హాస్టలు వార్డెను అమలమ్మగారు ఫోను చేశారు. ధనశ్రీకి అపెండిసైటిసట, రెండింటికి ఆపరేషనట. భయపడవద్దంటూనే, పిల్ల మాత్రం అమ్మను చూడాలని పట్టుబట్టిందని చెప్పారు. చెవులు వినిపించని పిల్లకు ఫోనులో ఏం ధైర్యం చెప్పను? మెసేజిలు ఇంగ్లీషు అక్షరాల్లో వస్తాయి, మీ బావ చదివి చెప్పాలి. దానికీ నాకూ మధ్య ఉన్నవల్లా చేతులే. ఆవిడ పుణ్యమా అని హాస్పిటల్‌కే కెమెరా ఉన్న కంప్యూటర్ తెప్పించారు. మీ బావ రైలు టికెట్ల కోసం పరిగెత్తితే, నేను మన సెంటర్లోని నెట్ షాపుకు పరిగెత్తాను.

తెర మీద కనిపించింది. పచ్చ గౌను వేసి కూర్చోబెట్టారు. చెయ్యి పైకెత్తింది. అక్కడితో బొమ్మ ఆగిపోయింది.

షాపతను మళ్లీ కలిపాడు. మళ్లీ ఆగింది. ఫోను తీగ మీద వచ్చే నెట్టు ఇంతేనండీ, మాటలు పోతాయి గానీ కదిలే బొమ్మ నిలవదండీ అన్నాడు. మాటలు మాకెందుకు? నలభై నిమిషాలు, దుర్గా. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. రమ్మంటోందో, రావద్దంటోందో కన్నతల్లికి తెలియలేదు. ఈలోగా దాన్ని లోపలికి తీసుకెళ్లిపోయారు.

మేము మర్నాడు తెల్లవారేసరికి చేరాం. రెండు రోజులు పోయాక, ఆ రోజు నన్నేం అడిగావని సైగ చేశాను. ఫోనులో టైపు చేసి చూపిస్తే మీ బావ చదివి చెప్పారు, మత్తు దిగాక నొప్పి పుడితే వీళ్లకెలా చెప్పాలని అడిగిందట. అక్కడి నర్సులకు దాని చేతుల భాష రాదు. వాళ్లకు చెప్పే ఏర్పాటు చేయమని నన్ను అడుగుతుంటే, నేను తెర ముందు కూర్చుని ఏడుస్తున్నాను. ఆపరేషనయ్యాక ఆ రాత్రంతా నొప్పి ఓర్చుకుని పడుకుంది నీ మేనకోడలు.

అదే నెట్టు వేగంగా తెచ్చే ఫైబర్ కేబుల్ మన వీధిలో ఉండి, ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని ఉంటే? పక్క వీధిలో నిరుడే వచ్చింది. అక్కడ సినిమా మాదిరి నడుస్తుందట బొమ్మ. మన మలుపు దాకా గొట్టాలు వేసుకొచ్చి, అక్కడ ఆపి, నల్ల కేబుల్ చుట్ట గోడకు ఆనించి వెళ్లిపోయారు. పదిహేడు నెలలుగా నేను పాలకు వెళ్లినప్పుడల్లా ఆ చుట్టను చూస్తూనే ఉన్నాను. దాన్ని ఆపింది వార్డు ఆఫీసుకు నువ్వు పెట్టిన అర్జీ. వీధి సంఘం కార్యదర్శిగా నువ్వు వేయించిన సిమెంటు రోడ్డు, దాని మొదట్లో నీ పేరు చెక్కిన రాయి, దాని మీద పలుగు పడకూడదు. ఇరవై రెండు ఇళ్ల చేత సంతకాలు పెట్టించావు. నేనూ పెట్టాను, ఒప్పుకుంటాను. తమ్ముడు తెచ్చిన కాగితం కదా అని చూడకుండా పెట్టాను.

చెన్నై నుంచి రాగానే నీ దగ్గరికి వచ్చాను. అర్జీ వెనక్కి తీసుకుంటున్నామని ఒక్క ముక్క రాసిమ్మన్నాను. నువ్వన్న మాట మర్చిపోలేదు.

"రోడ్డు తవ్వాక మళ్లీ వేసేదెవరక్కా? ఎలాగూ నెట్ షాపు ఉందిగా."

రామతులసి కాఫీ తెచ్చింది. తాగకుండా లేచి వచ్చేశాను. ఆ పిల్ల మీద నాకు కోపం లేదని చెప్పు.

మర్నాడే మలుపులో కేబుల్ కంపెనీ సూపర్‌వైజరు మాణిక్యంగారిని పట్టుకున్నాను. ఆయన నెమ్మదస్తుడు. మేము అప్పుడే మీ కార్యదర్శిగారికి రాతపూర్వకంగా ఇచ్చామమ్మా అంటూ నకలు తీసి చూపించారు. తవ్వేది రోడ్డు అంచున జానెడు వెడల్పట. పది రోజుల్లో సిమెంటు వేసి ఎప్పటిలా చేసిస్తామని సంతకం, ముద్ర. ఆ ఉత్తరం నీ దగ్గర పదిహేడు నెలలుగా ఉంది. వీధిలో ఒక్క ప్రాణికి చెప్పలేదు నువ్వు. రోడ్డంతా గోతులైపోతుందని అందర్నీ హడలగొట్టావు.

సగానికి పైగా ఇళ్లు ఒప్పుకుంటే అనుమతి వస్తుందన్నారు. ఇంటింటికీ తిరిగాను. ఎవరింటికీ ఏదీ అడగడానికి వెళ్లని దాన్ని, నీకు తెలుసు. ఒకాయన, నీ కూతురి కోసం వీధంతా తవ్వాలా అన్నాడు. అవునండీ, నా కూతురి కోసమే అన్నాను. పద్మావతమ్మగారు కళ్లజోడు వెతుక్కుని నకలు మొత్తం చదివి, ఈ మాట ముందే చెప్పి ఉంటే అప్పుడే సరేననేదాన్ని కదా అని నా ముందే పెన్ను తీశారు. పదహారు సంతకాలు వచ్చాయి.

మొన్న ఆదివారం పద్మావతమ్మగారి వరండాలో అందరి ముందూ నిన్ను నిలదీశాను. ఈ ఉత్తరం ఎందుకు దాచావు, ఎవరికి చెప్పావు అని అడిగాను. నా వంక ఒకసారి చూసి తల దించుకున్నావు. తప్పు చేసినవాడు అలాగే చూస్తాడు. నువ్వు వెళ్లిపోతుంటే ఎవరూ ఆగమనలేదు, నేనూ అనలేదు.

నిన్న అనుమతి వచ్చింది. సోమవారం పొద్దున పని మొదలు. మొదటి పలుగు నీ పేరున్న రాయి పక్కనే పడుతుంది. అది చూడలేకపోతే కంకిపాడులో మీ అత్తగారింటికి వెళ్లు. నాకు మాత్రం చూడాలని ఉంది.

పిల్లలకు ముద్దులు. నీకు ఏమీ లేదు.

ఎంత కోపమున్నా నీ తోడబుట్టిన
చౌడేశ్వరమ్మ

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. పైన రాసినదాంట్లో అబద్ధం ఉంది.

ఆ అర్జీ నేను చూడకుండా సంతకం పెట్టలేదు. రెండుసార్లు చదివాను. దానికి పిన్ను చేసిన కంపెనీ ఉత్తరం కూడా చదివాను. వీధి మొత్తంలో నువ్వు దాన్ని చూపించింది నాకొక్కదానికే. "ధనశ్రీ కోసం నీకు కావాలంటే ఈ అర్జీ ఇప్పుడే చించేస్తానక్కా" అన్నావు. నేనే వద్దన్నాను. కారణం నువ్వడగలేదు, నేను చెప్పలేదు.

అంతకుముందు దసరాకు ధనశ్రీ స్నేహితురాలిని వెంటబెట్టుకుని వచ్చింది, గుర్తుందా? ఇద్దరూ మంచం మీద కూర్చుని గంటసేపు చేతులతో మాట్లాడుకుని నవ్వుకున్నారు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. కాలేజీలో అది నేర్చుకున్న భాష వేరు. నాకు వచ్చినవి అన్నం, నీళ్లు, రా, పడుకో లాంటి మన ఇంటి సైగలే. కేబుల్ వచ్చి రోజూ తెర మీద కనిపిస్తే, అమ్మకు ఏమీ రాదని దానికి తెలిసిపోతుందని భయపడ్డాను. మలుపులో ఆ చుట్టను చూసినప్పుడల్లా తిట్టుకున్నది నిన్ను కాదు.

ఆదివారం అందరి ముందూ నిన్ను దోషిని చేస్తే, ఒక్క మాటతో నా పరువు తీయగలిగి కూడా తల దించుకుని వెళ్లిపోయావు. అప్పుడు చించేస్తానన్నవాడివి మొన్న అడిగితే రోడ్డే ముఖ్యమన్నావు; ఆ రోడ్డు పిచ్చి నీది, అందులో నిన్ను క్షమించను. కానీ దాచిన పాపం నాది కూడా.

ఎల్లుండి ఆదివారం మళ్లీ అక్కడే అందరం కలుస్తున్నాం. ఈ మాట నేనే చెబుతాను. నాకు భయంగా ఉంది. నువ్వు వచ్చి నా పక్కన కూర్చో.