తలకి పడే తిండి

మార్చి 4, ఎపి దీవి
పడవ దిగేసరికి ఒళ్ళంతా ఉప్పు. పోయిన సర్వేలో మా గణాంకాల ఆఫీసువాళ్ళు ఒక మధ్యాహ్నం కూర్చుని, వారంలో ఏం తిన్నారని అడిగి వెళ్ళిపోయారు. జనం మర్చిపోతారని ఈసారి పద్ధతి మార్చారు. ఒక్కో ఇంట్లో ఒకరం ఉండి, వండినదల్లా కాటా వేసి రాయాలి. తలకి ఇంత తిండి అని ఒక గీత ఉంది. దాని కింద ఉంటే పేదలు. ఊరు పేదల లెక్కలో ఉన్నంతకాలం నర్సు పడవ వస్తుంది. నాకిచ్చిన ఇల్లు లెయ్‌సావిది. ఆమె కూతురు లెయ్‌వియాకి మొదటి కాన్పులో ఆ నర్సే రక్తం ఆపిందట. ఇప్పుడు మళ్ళీ కడుపుతో ఉంది.

మార్చి 5
కోడికూర, కొబ్బరిపాలలో చేమదుంప. పట్నంలో నీకు తిండి పెట్టేవాళ్ళే లేరా పిల్లా, వల కర్రలా ఉన్నావు అని లెయ్‌సావి ఎత్తిపొడిచింది. తూకం వేయనీ పిన్నీ అన్నాను. వేసుకో, మా ఇంట్లో దేనికీ తక్కువ లేదని మీ సారుకి చూపించు అంది.

మార్చి 7
పంది మాంసం. డబ్బా చేప, అన్నం కూడా. బాగా తిన్నాను.

మార్చి 9, మధ్యాహ్నం
పెండలాల పాకలోకి తొంగి చూశాను. ఖాళీ. విత్తనానికి దాచినవీ వండేశారు. కోడి పక్కింట్లో అప్పు తెచ్చిందట, పంది లెయ్‌సావి అన్నయ్య ఇచ్చిందట. నువ్వు లేకపోతే మాకు ఉడికిన ఆకే అక్కా అని లెయ్‌వియా చెప్పేసి నాలుక కరుచుకుంది.

ఇంట్లో అతిథి ఉంటే ఉత్త ఆకు పెట్టడం ఇక్కడ తల తీసేసినంత పని. నాకు తెలియదా? నేనూ ఈ మట్టిదాన్నే. తెలిసీ రోజూ కంచం ముందు కూర్చున్నాను.

పిన్నీ, ఇలా పెడితే మీరు పేదలు కారని తేలుతుంది, పడవ ఆగిపోతుంది అని చెప్పాను. మేం పేదలమని నీకెవరు చెప్పారే అని కయ్యిమంది. మా తిండి నీ నోటికి ఎక్కడం లేదా అంది. ఆమె మొహం మాడిపోయింది. తూచాను. రాశాను. తిన్నాను.

మార్చి 20, పోర్ట్ విలా ఆఫీసు
మా పై అధికారి టారి సారుకి అంతా చెప్పాను. తిన్నది తిన్నట్టే కదమ్మా, జాలిపడి అంకెలు దిద్దితే రేపు మన లెక్క ఎవడు నమ్ముతాడు అన్నాడు. ఆ మాటా కొట్టిపారేయలేను. పోనీ పాత సర్వేతో పోల్చకండి, అప్పుడు అడిగారు, ఇప్పుడు తూచాం అన్నాను. కింద చిన్నక్షరాల్లో రాద్దాంలే అన్నాడు.

జూన్ 11
రిపోర్ట్ వచ్చింది. ఎపి ఒడ్డున పేదరికం సగానికి పడిపోయిందట. ఆఫీసులో కేక్ కోశారు. చిన్నక్షరాలు ఉన్నాయి. ఎవరూ చదవలేదు.

జూలై 2
నర్సు పడవ ఆపేశారు.

ఆగస్టు 19
లెయ్‌వియా పోయింది. బిడ్డా దక్కలేదు. చేపల పడవలో ఆసుపత్రికి తెస్తుంటే దారిలోనే. రక్తం ఆగలేదట. కబురు చెప్పిన లెయ్‌వియా మేనమామ నన్ను తప్పుపట్టలేదు. తిట్టినా బాగుండేది. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

అక్టోబర్ 6, ఎపి
సర్వే రెండో విడత. అదే ఇల్లు. ఈసారి చర్చిలో బస చేశాను, వండుకునే వేళకి మాత్రం వెళ్ళాను. ఆకు, నాలుగు చేమదుంపలు. లెయ్‌సావి నన్ను తినమనలేదు.

రాత్రి లెక్క కట్టాను. లెయ్‌వియా ఉండి ఉంటే ఆ ఇల్లు గీత కింద ఉండేది. తినే తల ఒకటి తగ్గింది కాబట్టి పైన ఉంది.