బ్రోచర్‌లో రైతు

జూన్ 9
మా ఆఫీసు పంజాగుట్టలో, నాలుగో అంతస్తు. గడ్డి నుంచి గ్యాస్ తీస్తారట. నేను అటెండర్ని. ఇక్కడ టీ తప్ప ఏదీ తీయగా చూడలేదు.

బ్రోచర్‌కి రైతు ఫొటో కావాలన్నారు. ఊరికి పోయే టైం లేదు. ఎండీ చక్రపాణి గారు నన్ను ఎగాదిగా చూసి, నీ మొహంలో మట్టి ఉందయ్యా బుచ్చయ్యా అన్నారు. పొద్దున్నే కడుక్కున్నానండీ అన్నాను. అమీర్‌పేటలో కొన్న తలపాగా చుట్టి, టెర్రస్ మీద కుండీలో పెంచే ఆ గ్యాస్ గడ్డి, నేపియర్ గడ్డి పక్కన నిలబెట్టారు. ఫొటోలో వెనకాల మెట్రో రైలు పడుతోంది, వంగమన్నారు. వంగాను.

జూన్ 27
బ్రోచర్ మా ఊరిదాకా పోయిందట. చెల్లెలు సత్తెమ్మ ఫోన్. రుమాలు చుడితే మస్తున్నవే అన్నా, కంపెనీ చేను సుత నువ్వే చూస్తున్నవంట గద అంది. కాదనలేదు. అటెండర్ కన్నా రైతు బాగుంది. గీ గడ్డి ఎయ్యాల్నా వద్దా జర చెప్పమంది. నా మొహం చూసి నమ్మకపోతే ఇంకెవరిని నమ్ముతవ్ అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

జూలై 20
సత్తెమ్మ ఈసారి జొన్న మానేసి రెండెకరాలూ గడ్డే వేసిందట. బుచ్చన్న ఏసిండు గదా అని ఇంకో పదకొండు మంది సుత ఏసిన్రు అంది.
నిజం చెప్దామని ఫోన్ తీశాను. మళ్లీ జేబులో పెట్టాను.

అక్టోబర్ 14
బేగంపేట హోటల్లో సస్టెయినబిలిటీ మీద మీటింగ్. ఏసీకి నాకు దగ్గు పట్టుకుంది. ఒకాయన లేచి, ఈ గడ్డి నీళ్లు బాగా తాగుద్ది కదా, జొన్న పోయాక ఊళ్లో తిండి సంగతేంటండీ అన్నాడు. చక్రపాణి గారు గుడ్ క్వశ్చన్ అన్నారు. తర్వాత లంచ్.

నవంబర్ 3
గడ్డి కొంటామన్న గ్యాస్ ప్లాంటు కట్టనే లేదు. సత్తెమ్మ చేలో గడ్డి మనిషెత్తు పెరిగిందట. బర్రెలకు వేయమన్నాను. గడ్డి పిలకలు కొననీకే బర్రెలను అమ్మిన గదనే అంది.

జనవరి 22
సత్తెమ్మ బోరు ఎండింది.
జొన్నలు కొనుక్కొచ్చిందట. బుద్ధెరిగిన సంది జొన్నలు కొనలే అన్నా అంది.  

ఫిబ్రవరి 11
ఆఫీసు మూసేశారు. ప్రాజెక్ట్ వయబుల్ కాదట, ఎవరి తప్పూ లేదట. కుర్చీలు పట్టుకుపోయారు. కుండీని ఎవరూ అడగలేదు.

ఫిబ్రవరి 12
సత్తెమ్మ వచ్చింది. కంపెనీని అడిగి రమ్మని ఆ పదకొండు మందీ పంపారట. చేతిలో బ్రోచర్. ఆఫీసు తాళం చూసింది. సరే, నీ చేనన్న చూపియ్యే అంది.
టెర్రస్ మీదికి తీసుకెళ్లాను.
కుండీని చూసింది. నన్ను చూసింది. గింతేనా అన్నా అంది.


ఫిబ్రవరి 13
ఉద్యోగం లేదు. అయినా నాలుగంతస్తులూ ఎక్కి గడ్డికి నీళ్లు పోశాను. మెట్రో కనపడకుండా, వంగి.