చుక్కాని పట్టింది మా సుజాత

అల్ ఖోబర్, సౌదీ, శుక్రవారం రాత్రి

దేవా, ఈ సంతోషం ఎక్కడ దాచుకోను! స్నేహితుల తెరచాప పడవలో అట్లాంటిక్ దీవులు తిరుగుతున్న మా అమ్మాయి సుజాత, అల్లుడు ఇవాళ వీడియో కాల్ చేశారు. భోజనానికి వచ్చినవాళ్ళకి ఫోన్ చూపిస్తూ, "చూడండి మా అల్లుణ్ణి! అంత సముద్రంలో పడవ నడుపుతున్నాడు!" అన్నాను.

"నేనా మావయ్యా? నిన్నట్నుంచీ వాంతులే. నడిపేది మీ అమ్మాయి," అన్నాడు. అందరూ నవ్వారు.

"చేపల పడవ మీద బతికినోడివి, చుక్కాని ఎవరి చేతిలో ఉందో చూళ్ళేదా నాన్నా?" అని సుజాత మొహం తిప్పేసుకుంది.

చూశాను. ఆడపిల్లని పడవ ఎక్కనివ్వని మా రేవులో పెరిగిన నా బుద్ధి, సరదాకి పట్టుకుందిలే అనుకుంది. సిగ్గేసి ఫోన్ దగ్గరికి తీసుకున్నాను. "బాగా నడుపుతున్నావమ్మా" అనేలోపే సిగ్నల్ పోయింది. ఎన్నిసార్లు చేసినా మోగడం లేదు... దొరికితే, అక్కడ గాలి ఎటుందో తననే అడగాలి.