మామిడి టెంకల గుర్రపు దళం

నూజివీడు,
14 మే 1949

బాబాయి సాంబయ్యకు నాగమణి నమస్కారాలు. నువ్వూ కనకమ్మ పిన్నీ బాగున్నారనీ, గాలివానకి తోటలో కాయ రాలలేదనీ అనుకుంటాను.

ఈ ఉత్తరం ఇప్పుడే రాయడానికి కారణం ఇది. జూన్ అయిదో తారీఖున నేను మా హైస్కూలు చరిత్ర మాస్టారు ప్రభాకరరావు గారితో యుద్ధం చెయ్యాలి. అందుకు నాకు వంద గుర్రాలు కావాలి. నువ్వు వంద మామిడి టెంకలు పంపితే చాలు.

కంగారుపడకు, ఇది బల్లల మీద ఆట. నూట నలభై రెండేళ్ల కిందట నెపోలియన్ గుర్రపు దళమూ రష్యా గుర్రపు దళమూ మంచులో కొట్టుకున్నాయి. నాలుగు బల్లలు కలిపి ఆ యుద్ధాన్ని మళ్లీ ఆడతాం. మంచుకి బదులు ఉప్పు పోస్తాం. గవ్వలు వేసి, పడినన్ని బెత్తెలు గుర్రాల్ని నడపాలి. ఎదురుపడ్డప్పుడు తక్కువ పడినవాళ్ల గుర్రం చచ్చినట్టు. చెరి వంద గుర్రాలు. మాస్టారికి సీసపు గుర్రాలున్నాయి, మిలిటరీ నుంచి వస్తూ తెచ్చుకున్నారు. ఒక్కొక్క రౌతుకి నీలం గుడ్డ కోటు, దానికి కాజాలు కూడానూ!

పందెం పెట్టింది ఆయనే. గెలిచినవాళ్లు చరిత్ర చెప్పాలి, ఓడినవాళ్లు ఆడపిల్లలకి కుట్టు నేర్పాలి. టీచరుగా చేరగానే నాకు కుట్టు క్లాసు ఇస్తే చరిత్ర కావాలని అడిగాను, అందుకు వెటకారం కాబోలు. హెడ్మాస్టరు లక్ష్మీనరసింహారావు గారు సరేనన్నారు. బాబాయ్, మన ఇంట్లో తాత పేరు తప్ప ఆపైన ఎవరి పేరూ ఎవరికీ తెలియదు. చరిత్ర చెప్పాల్సింది నాలాంటిదే.

చిన్నరసాల టెంకలు, అన్నీ ఒక్క సైజువి, ఎండబెట్టి పంపు. లెక్కలో నీకు తప్పు రాదని తోటలన్నిటికీ తెలుసు.

నీ అన్న కూతురు
నాగమణి

తా.క. ఉప్పు మేమే తెచ్చుకుంటాం.


విస్సన్నపేట,
18 మే

అమ్మాయి నాగమణికి బాబాయి దీవించి రాయించేది.

నీ ఉత్తరం మన కాయల షెడ్డు గుమాస్తా ఆరోగ్యం చదివి వినిపించాడు. నాకు అర్థమైంది. మీ పిన్నికి నాకంటే ముందే అర్థమైంది. బల్ల మీద ఉప్పు పోసి, మామిడి టెంకలు పెట్టి, ఇద్దరు పంతుళ్లు పోటీపడితే దాన్ని మా ఊళ్లో ఆవకాయ అంటారే పిచ్చిదానా. నీకు వంటల క్లాసు ఇచ్చారు, అంతేగా? దానికి సిగ్గెందుకు?

కానీ ఉత్త టెంకలతో ఆవకాయ అవ్వదు. కాయని టెంకతో సహా కొట్టాలి. అందుకని పుల్లటి కాయలు కొట్టించి, ముక్కలు పెద్దిరాజు బండిలో పంపిస్తున్నాను. ఆవపిండీ, కారమూ మీ పిన్ని మూట కట్టింది. ఆ మాస్టారు మిలిటరీలో నేర్చుకున్న ఆవకాయ మన ముందు ఏపాటి? భయపడకు.

ఇట్లు
సాంబయ్య వేలిముద్ర

తా.క. ఇది ఆరోగ్యం సొంతంగా రాస్తున్నది. ఉత్తరంలో గుర్రాలని ఉందని మూడుసార్లు చదివి చెప్పానమ్మా. "చదువుకున్న పిల్ల, నాజూగ్గా అలా రాసిందిలే" అన్నాడు మీ బాబాయి.


నూజివీడు,
22 మే

బాబాయికి నాగమణి నమస్కారాలు.

ముక్కలు అందాయి. రెండు జాడీల ఆవకాయ అయింది. హెడ్మాస్టరు గారు రుచి చూసి, "చాలా బాగుందమ్మా, కానీ ఇది గుర్రపు దళం కిందికి రాదు" అన్నారు. సెలవులైనా స్కూలుకొచ్చినవాళ్లందరూ నవ్వారు.

బాబాయ్, ఒట్టు. ఇది వంట కాదు, యుద్ధమే. నాకు టెంకలు కావాలి. పగలనివి, నిండువి. ఉప్పులో గుచ్చితే నిలబడేవి.

నిన్న చాక్‌పీసులు గుర్రాలుగా పెట్టి ప్రాక్టీసు ఆడాం. నా గుర్రాల్ని అన్నిటినీ ఒక్కసారే తోలాను, గంటలో ఒక్కటీ మిగల్లేదు. గెలిచి కూడా మాస్టారు మొహం వేలాడేసుకున్నారు. ఇంత తేలిగ్గా ఓడిపోయానని చులకన కాబోలు. అంతటితో ఊరుకున్నారా? నా సంచీ అంచు చూసి, "ఏంటండీ ఈ హెమ్మింగు!" అని దారం మొత్తం ఊడదీసి, అక్కడే కూర్చుని మళ్లీ కుట్టి ఇచ్చారు. అంత అవమానం నాకెప్పుడూ జరగలేదు.

టెంకలు మూడో తారీఖుకి చేరకపోతే నా బతుకంతా హెమ్మింగే.

నాగమణి

తా.క. ఆవకాయ ఇంకో జాడీ కావాలని హెడ్మాస్టరు గారు అడగమన్నారు. నేను అడగడం లేదు, తెలియజేస్తున్నాను.


విస్సన్నపేట,
28 మే

అమ్మాయికి బాబాయి దీవెనలు.

యుద్ధమని ముందే చెప్పొద్దూ? ఆరోగ్యం సరిగ్గా చదవలేదు. (చదివాను. - ఆరోగ్యం)

చిన్నరసాలు మీ పిన్నీ నేనూ కూలీలూ కలిసి నాలుగు రోజులు తిన్నాం. టెంకలు కడిగి ఎండబెట్టి, లాభం, రెండు, మూడు అంటూ నా చేత్తో నేనే లెక్కపెట్టి, వంద గోనెలో పోశాను. మళ్లీ లెక్కపెట్టకు. సాంబయ్య లెక్కని మళ్లీ లెక్కపెట్టినవాడు ఈ చుట్టుపక్కల లేడు.

ఒక్క మాట విను. కాయ కోయించేటప్పుడు నేను అందర్నీ ఒక్కసారే చెట్టెక్కించను. సగం మందిని కింద గోనె పట్టాలు పట్టుకుని నిలబడమంటాను. ఎక్కినవాళ్లు అలిసి దిగాక వీళ్లెక్కుతారు. నీ గుర్రాలకీ అదే చెప్పు. ఓడిపోతే గుర్రాల్ని ఆయన తోలుకుపోతాడా? అలాగైతే నేను కర్ర పట్టుకుని వస్తాను.

ఇట్లు
సాంబయ్య వేలిముద్ర

తా.క. ఆరోగ్యం రాస్తున్నది. మీ పిన్ని ఒక గుర్రానికి మీ బాబాయి పేరు పెట్టింది. దాన్ని ఎలా నిలబెట్టినా పడుకుంటోంది.


నూజివీడు,
6 జూన్ 1949

బాబాయికి నాగమణి వెయ్యి నమస్కారాలు.

గెలిచాను. మాస్టారు వంద గుర్రాల్నీ ఒక్కసారే తోలారు. నేను నువ్వు చెప్పినట్టు సగం గుర్రాల్ని ఉప్పు గుట్ట వెనక ఆపాను. ఆయనవి అలిసేసరికి నావి దిగాయి. ఎన్ని చచ్చినా నా వెనక వరస తరగలేదు. నీ పేరు గుర్రం ఆటంతా ఉప్పులో పడుకునే ఉంది. చచ్చిందనుకుని అందరూ దాన్ని దాటిపోయారు. ఆఖరి సీసపు రౌతుని వెనక నుంచి కొట్టింది అదే. చూడ్డానికొచ్చిన పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆట అయ్యాక టెంకలు గోనెలో పోస్తూ ఊరికే లెక్కపెట్టాను. నూట పది.

కొసరు, బాబాయ్! వంద కాయలకి పది కొసరు వెయ్యకపోతే నీ చెయ్యి ఆగదనీ, కొసరు లేని వంద వందే కాదంటావనీ ఎలా మరిచిపోయాను? నిద్ర పట్టలేదు. పొద్దున్నే హెడ్మాస్టరు గారికి నిజం చెప్పేశాను. "న్యాయం న్యాయమే. పన్నెండో తారీఖున మళ్లీ ఆడండి" అన్నారు.

తరవాత మాస్టారి దగ్గరికి వెళ్లాను.

"క్షమించండి, నా గుర్రాలు నూట పదండి."

"తెలుసండీ. మీరు గుచ్చుతుంటేనే లెక్కపెట్టాను."

"మరి చెప్పలేదేం?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "మీరు రెండొందలు పెట్టుకున్నా చెప్పేవాణ్ని కాదు. నేను మిలిటరీలో గుర్రమెక్కలేదు నాగమణి గారూ. అయిదేళ్లూ కోట్లు కుట్టాను. డిగ్రీలో చరిత్ర ఉందని ఇక్కడ చరిత్ర తగిలించారు. మగాణ్ని, కుట్టు క్లాసు ఇవ్వండని నోరు విడిచి ఎలా అడగను? ఓడిపోతే దక్కుతుంది కదా అని ఈ పందెం పెట్టాను. మీరేమో ప్రాక్టీసులోనే ఓడిపోయి నా గుండె ఆపేశారు. చచ్చీచెడీ నిన్న ఓడితే, పొద్దున్నే వెళ్లి నిజం చెప్పారా?"

తల పట్టుకుని బెంచీ మీద కూలబడ్డారు. ఆయన్ని ఓదార్చడానికి నా సంచీ ఇచ్చి, రెండో అంచు కూడా కుట్టమన్నాను.

ఈసారి నేను సరిగ్గా వంద గుర్రాలతోనే గెలవాలి. చరిత్ర చెప్పబోయేదాన్ని, లెక్క తప్పుగా ఉండకూడదు. ఆ నూట పదీ రాత్రి సామాన్ల గదిలో పెడితే ఎలకలు కొరికేశాయి. నా మీద ఒట్టు, కొసరు వెయ్యకుండా వంద టెంకలు పంపు. అది నీ చేతికి అయ్యే పనో కాదో ముందు చెప్పు.

నీ అన్న కూతురు
నాగమణి

తా.క. ఈసారి వందకి ఇరవై కొసరు వెయ్యమని ప్రభాకరరావు గారు నీకు విడిగా ఉత్తరం రాశారట. దాన్ని ఆరోగ్యం గారి చేత చదివించుకోకు. నాకు మాత్రం పదో తారీఖు లోపల జవాబు రాయించు.