మోగని గుల్ల

సెప్టెంబరు 17, 1966

స్వస్తిశ్రీ పరాభవ నామ సంవత్సరం, భాద్రపద మాసం, కన్యా సంక్రమణం. విశ్వకర్మకు ఆరాధన జరిగే దినం. పనిముట్టుకు విశ్రాంతి, పనివానికి స్మరణ — ఇదే ఈ పర్వానికి అర్థం. ఏడాది పొడుగునా మన చేతికి లొంగి ఉన్న లోహానికి ఈ ఒక్కనాడు మనమే చేతులు జోడిస్తాం. కంచరుల ఇంట పుట్టి, రైల్వే వర్క్‌షాపు ఇత్తడి పోతలో ముప్పైయొక్క ఏళ్ళు గడిపినవానికి ఇంతకు మించిన పండుగ ఏది?

పదవీ విరమణ అయి నాలుగేళ్ళు. వర్క్‌షాపుకు వెళ్ళలేదు. పెరటి వసారాలోని నా పీపాకే పసుపు, కుంకుమ, ఒక మందారం. ఎనిమిది పలకల టేకు పీపా. నా ఇల్లాలు వరలక్ష్మి పాత కుట్టుమిషను స్టాండుకు తోలుపట్టీ బిగించి నేనే అమర్చుకున్నది — కాలితో తొక్కితే తిరుగుతుంది. పోత వస్తువుల ఇసుక రాల్చడానికి ఫౌండ్రీలో ఉండే పెద్ద పీపాకు ఇది మనుమరాలు. లోపల రంపపు పొట్టు, ఊక, గుడ్డలో జల్లించిన ఇటుకపొడి. పేల్చిన ఇత్తడి తూటా గుల్లలు అందులో వేసి ఒక పూట తొక్కితే మేలిమి వన్నె.

గుల్లలు నావి కావు. వరలక్ష్మి తమ్ముడు సింహాచలానివి.

సెప్టెంబరు 19

సింహాచలం వచ్చాడు. నిమ్‌పురా గూడ్సు యార్డు నుంచి నేరుగా, రైలు గార్డు కోటు విప్పకుండానే. చేతిలో రేకుడబ్బా. నలభై ఎనిమిది గుల్లలు.

"ఏటి బావా, పీపాకి బొట్టెట్టినావు. మా యక్కకెట్టినావా?"

"మీ అక్కకు నిత్యపూజే."

"అందుకే అలగ సిక్కిపోనాది!"

లోపలినుంచి వరలక్ష్మి — "నీకు తిండి పెట్టీ పెట్టీ సిక్కినాన్రా."

కోతల కాలం వస్తోంది. అడవిపందులు చేలమీద పడతాయి. రైతులు ఇతనికే కబురు పెడతారు. తండ్రి వదిలి వెళ్ళిన రెండు గొట్టాల తుపాకీ, లైసెన్సు, గురి. పేల్చిన గుల్ల పారవేయడు. శుభ్రం చేసి, పరీక్షించి ఇవ్వడం నా వంతు. అడుగున నిప్పు రాజేసే కొత్త టోపీ పెట్టి, మందు, సీసపు రవ్వలు కూర్చడం తన వంతు. పదేళ్ళ ఒడంబడిక.

సెప్టెంబరు 20

చింతపండు, కుంకుడు రసం, గోరువెచ్చని నీరు. కాలిన మందు మసి వదలాలి. చింతపండులో నూట ఎనిమిది నామాలు చదివినంతసేపే ఉంచడం. మించితే ఇత్తడి ఎర్రబడుతుంది — వన్నె పోవడమే కాదు, బలం చెడుతుంది. కడగడం. ఎండ. పీపాలోకి.

తొక్కుతూ సంధ్యావందనం వేళ మరచాను.

సెప్టెంబరు 22

చివరి పరీక్ష. నల్లరాతిమీద జానెడు ఎత్తునుంచి గుల్లను వదలడం. లోపం లేనిది గంటలా పలుకుతుంది. కంటికి ఆనని పగులున్నా సరే, పెంకులా చప్పగా పడుతుంది. మెరుపు కన్నును మోసగిస్తుంది. నాదం మోసగించదు. నాన్నగారు బిందెలను ఇలాగే వేలితో మీటి, కొన్నిటిని మాటైనా చెప్పకుండా మళ్ళీ కొలిమిలో వేసేవారు.

ఈ పుటకు తప్ప ఎవరికీ చెప్పని మాట. రెండేళ్ళుగా ఆ నాదం నాకు వినబడడం లేదు.

మాటలు వినబడతాయి. ఇంజను కూత వినబడుతుంది. సన్ననివి — పిచ్చుక, వరలక్ష్మి గాజులు, ఇత్తడి పలుకు — తెర వెనకకు పోయాయి. మా పోతశాల గోడకు అవతలే బాయిలరు షాపు. ముప్పైయొక్క ఏళ్ళ రివెట్ల సుత్తులు... ఊరికే పోతాయా.

గుల్ల రాతిని తాకి ఎగిరినప్పుడు వేలి కొసలకు తెలుస్తుందని నమ్ముతున్నాను. నమ్మకమా, అహంకారమా — విచారించలేదు.

నలభై ఎనిమిదీ బాగున్నాయని డబ్బా మూత పెట్టాను.

అక్టోబరు 2

డబ్బా తీసుకువెళ్ళాడు. "నీ సెవి దాటుకొని సెడ్డ గుల్ల రాదు బావా. అందరూ మందు సూసి బయపడతారు, నాకా బయం నేదు."

నవ్వి ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా ఒక మాటే.

అక్టోబరు 23

విజయదశమి. వాన. పారాయణ సగంలో ఆగింది.

నవంబరు 6

మధ్యాహ్నం కబురు. పొలంలో తూటా వెనక్కి పేలింది. సింహాచలం కుడికన్ను.

రైల్వే ఆసుపత్రి. వరలక్ష్మి చెప్పులు లేకుండా నడిచింది.

నవంబరు 7

కట్టు. కుడిచెంప నిండా నల్లటి మందు చుక్కలు, పచ్చపొడిచినట్టు.

నవంబరు 9

తుపాకీతో పాటు పేలిన గుల్లనూ రైతులు మా ఇంటికి చేర్చారు. పోలీసు వచ్చి రాసుకుని వెళ్ళాడు. తుపాకీ పాతది, కీలు వదులు, అందుకే వెనక్కి తన్నింది — అందరి మాటా ఇదే.

అందరూ వెళ్ళాక గుల్లను వెలుగులో పట్టి చూశాను. అడుగు అంచు దగ్గర అర అంగుళం చీలిక. చీలిక అంచులో కొంతమేర కొత్త ఇత్తడి, పసుపుపచ్చగా మెరుస్తోంది. మిగిలిన మేర నల్లన. మసి లోపలిదాకా దిగిన నలుపు.

ఇప్పుడు విరిగినది పచ్చగా ఉంటుంది. నల్లబడినది ముందే విరిగి ఉన్నది. ఈ సంగతి పోలీసుకు తెలియదు, రైతుకు తెలియదు. కంచరివానికి తెలుస్తుంది.

సెప్టెంబరులో రాతిమీద అది పెంకులా చప్పగానే పలికి ఉంటుంది. ఎదుట నేనే ఉన్నాను.

గుల్లను పూజాపేటికలో దాచాను. దైవం దగ్గర దాచితే దాచినట్టు కాదని సమాధానం చెప్పుకున్నాను.

నవంబరు 18

కలకత్తాలో కన్ను తీసివేశారు. రెండోది కాపాడడానికట.

డిసెంబరు 4

ఇంటికి వచ్చాడు. నల్లకళ్ళద్దాలు. చూడవచ్చినవాళ్ళంతా ఏడుస్తూంటే అతడే నవ్విస్తున్నాడు.

"పోనీ బావా, రాచ్చసుల గురువుకీ ఒక్క కన్నే కదా. ఇంక నాకాడ సదువుకోడానికి ఎంతమందొస్తారో సూడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు ఏ శాస్త్రంలో ప్రాయశ్చిత్తం చెప్పారో వెతకాలి.

డిసెంబరు 21

మెడికల్ బోర్డు. ఇక గార్డు పనికి పనికిరాడు. పార్సెలు ఆఫీసులో ఒక బల్ల, ఒక కుర్చీ. జెండాలు, లాంతరు, ఈల అప్పజెప్పి వచ్చాడు.

వరలక్ష్మి — "ఇరవై ఏడేళ్ళు బండెనకాల నిలబడ్డోడండీ. కుర్సీలో కూకోడం ఆడికేటొస్తాది."

జనవరి 8, 1967

ఈనాడు సింహాచలం రేకుడబ్బాతో వచ్చాడు.

అదే డబ్బా. మిగిలిన నలభై ఏడు గుల్లలలో సగం పేల్చినవి. మిగతావాటి మందు విప్పి ఖాళీ చేసి తెచ్చాడు. ఖరిదా బజారులోని మిస్త్రీ తుపాకీ కీలు బిగించాడట. "ఏబార్ ఠీక్ హై దాదా" — ఈసారి సరిగ్గా ఉందన్నా — అన్నాడట.

"ఎడమబుజం మీంచి కాలస్తాను బావా. ఎడమకన్ను బేసుగ్గానే ఉంది. నేర్సుకుంటే ఎంతసేపు?"

"ఇక చాలదా?"

"అన్నీ పోనాయి. బండి పోనాది, జెండా పోనాది. దీన్ని కూడా ఒగ్గీమంటావేటి? తుపాకీది తప్పు, దాన్ని బాగు సేయించినాను. గుల్లలు నువ్వు మోగించి ఇస్తే నాకింకేటి బయం."

డబ్బా నా ఒడిలో పెట్టి వెళ్ళాడు.

ఎడమకన్ను.

జనవరి 10

పీపా పట్టీ తెగిందని కబురు పంపాను. కత్తితో నేనే కోశాను. ఆరుపదులు దాటిన వయసు, నిత్యానుష్ఠానం — తోలుపట్టీ కోసి అబద్ధం.

జనవరి 12

వరలక్ష్మి పట్టీ కుట్టింది. దబ్బనం, మైనపుదారం, రెండు వరుసలు. "ఆడు ఎదురుసూస్తన్నాడు, తొరగా ఇచ్చీండి." కుట్టు మునుపటికన్న గట్టిగా ఉంది.

జనవరి 15

గుల్లలన్నిటినీ సుత్తితో చదును చేయాలని కూర్చున్నాను. కొత్తవి కొంటాడు. వాటినీ పదిసార్లు పేలుస్తాడు. వాటినీ నా దగ్గరికే తెస్తాడు. గుల్లలను నాశనం చేయవచ్చు. అతని నమ్మకం నా నోటితోనే పోవాలి.

సుత్తి పక్కన పెట్టాను.

జనవరి 22

వెళ్ళాను. నిమ్‌పురా క్వార్టరు. ఇల్లాలు బజారుకు పోయింది, ఒక్కడే గుమ్మంలో. పేలిన గుల్ల అతని అరచేతిలో పెట్టాను.

"ఈ అంచు చూడు. ఇటు పచ్చన, ఇటు నలుపు. నలుపు పాత పగులు. తుపాకీ తప్పు కాదు. నేను ఏరి పారవేయవలసినది ఇది."

"నీకే దొరకనేదంటే ఎంత సన్నందో బావా. ఒగ్గీ."

"సన్నమైనందుకు కాదు. నాకు ఆ మోత వినబడదు. రెండేళ్ళయింది."

నవ్వాడు. నమ్మలేదు. తరువాత లేచి లోపలికి వెళ్ళి ఏదో తెచ్చాడు. "అటు తిరుగు" అన్నాడు.

గోడవైపు తిరిగి నిలబడ్డాను. సున్నం పెచ్చులు. క్యాలెండరు. చాలాసేపు.

"మోగిందేటి?" అన్నాడు.

"వదిలావా?" అన్నాను.

"మూడు ఒదిలినాను బావా."

తిరిగి చూస్తే నేలమీద మూడు గుల్లలు, డబ్బాలో చేరని పాతవి. ఒకటి ఇంకా దొర్లుతోంది.

వంగి గుల్లలు ఏరుతూ — "ఒక్క మాట. నాకు ఇనబడదురా అని ఒక్క మాట సెప్పుంటే నానే రాతిమీద ఏసి సూసుకుందును గదా. నాకు సెవులున్నాయి గదా."

తిట్టి ఉంటే మోసేవాణ్ణి.

నేను బయలుదేరాను. "టీ తాగి ఎల్లండి" అన్నాడు. పెళ్ళిపందిట్లో నా వేలు పట్టుకుని మొదటిసారి బావా అని పిలిచిన నాటినుంచి 'నువ్వు' తప్ప ఎరుగనివాడు. ఎల్లండి.

జనవరి 23

వరలక్ష్మికి చెప్పాను. వంటింటి గడప దగ్గర, నిలబడే.

బియ్యం ఏరుతున్న చేయి ఆగలేదు. "మీకు ఇనబడదని నాకు తెలీదేటండీ. పాలోడు గంట కొట్టినా కదలరు. గాజులు మార్సినాను, తెలీనేదు. మొగోడి గొప్ప ఎందుకు తియ్యాలని ఊరుకున్నాను. గుల్లలు కంటితో సూస్తన్నారనుకున్నాను."

అప్పుడు చేయి ఆగింది.

"ఇద్దరం కూడి తీసినాం ఆడి కన్ను."

జనవరి 29

పద్యం రాయబోయాను. గణాలు కుదిరాయి, యతి కుదిరింది. చింపివేశాను. ఈ దుఃఖం అంత చక్కగా నడవకూడదు.

ఫిబ్రవరి 2

వరలక్ష్మే అడిగింది — రాయి ఎక్కడ అని. వసారాలో కూర్చుని నలభై ఏడింటినీ ఒకటొకటిగా వదిలింది. నేను పక్కనే. గుల్ల ఎగరడం చూస్తాను, ఆమె ముఖం చూస్తాను. ముఖంలోనే వినడం.

ఇరవై దాటాక ఆగింది. మళ్ళీ వదిలింది. "ఇది."

ముప్పై దాటాక మరొకటి. "ఇదీనండి."

రెండు. భూతద్దం పెడితే వెంట్రుకంత గీత, అడుగు అంచునే. ఇవి రెండూ సెప్టెంబరులో నా చేతి మీదుగా వెళ్ళినవే. బాగున్నాయన్నవే. మొన్న పట్టీ తెగిందని కాక, ఇదిగో తీసుకో అని ఉంటే...

భూతద్దం ఆమె చేతికిచ్చాను.

ఆ రెండింటినీ ఆమే చదును చేసింది. నలభై అయిదు డబ్బాలో పెట్టి తమ్ముడికి స్వయంగా ఇచ్చి వచ్చింది. ఏమన్నాడని అడిగాను. "తీసుకున్నాడు" అంది. ఇంకేమన్నాడని అడగలేదు.

ఫిబ్రవరి 5

సింహాచలం రాలేదు.

ఫిబ్రవరి 9

అక్క కోసం జామపళ్ళు పంపాడు, పొరుగింటివారి చేత. ఆమె ఒకటి కోసి నాకూ పెట్టింది. సగం తిని పక్కన పెట్టాను.

ఫిబ్రవరి 14

పూరీ గేట్ అనే రైల్వే గేటు దగ్గర. గేటు వేసి ఉంది. గూడ్సు బండి పోతోంది. జనంలో సింహాచలం. ఒక్కొక్క పెట్టె దాటుతూంటే తల ఎత్తి చూస్తున్నాడు. చివరి పెట్టెలో గార్డు జెండా పట్టుకుని కనిపించే వరకూ చూశాడు.

నేను అతని కుడివైపున ఉన్నాను. నాలుగడుగుల దూరం. అటువైపు అతనికి చూపు లేదు. చూడలేదో, చూడదలచలేదో.

"సింహాచలం" అని పిలిచాను.

పెదవులు కదిలినట్టున్నాయి. బండి మోత. ఏదైనా అన్నాడేమో. నన్నే అన్నాడేమో. నాకు వినబడలేదు. గేటు లేచింది, జనం కదిలింది, అతడూ కదిలాడు.

అక్కడే నిలబడిపోయాను. వెంట వెళ్ళి ఏమన్నావని అడగవలసింది. రేపు అడగాలి. అడిగి, చెప్పినది వినబడకపోతే మళ్ళీ అడగాలి.

ఈ పని నా తరువాత చేపట్టేవారెవరో ఎరుగను. ఏ కులంవారైనా, ఏ ఊరివారైనా — మీ కన్ను, చెవి, చేయి కడదాకా మీకు నమ్మకంగా ఉండుగాక. అవి తప్పిన నాడు "నాకు తెలియడం లేదు" అన్న మాట మీ నోటికి ఆలస్యం కాకుండా వచ్చుగాక. మీ మాట నమ్మి వెళ్ళినవారు సాయంకాలానికి రెండు కళ్ళతో ఇల్లు చేరుదురుగాక.