త్సోన్కా అవ్వ పందెం కాసినవాడే పడతాడు

దాబెవో గ్రామం, బల్గేరియా
సెప్టెంబరు 3

'మంచుకోట రాజ్యం' ఆట తయారుచేసే ఆఫీసులో ఫిర్యాదులు చదివేవారికి,

మీరంతా చల్లగా ఉండాలని కోరుకుంటూనే, మీ మీద నిప్పులు చెరుగుతూ రాస్తున్నాను. నాకు డెబ్బై రెండేళ్ళు. ముప్పై ఏళ్ళు రైల్లో టిక్కెట్లు తనిఖీ చేశాను. దొంగమొహం పది పెట్టెల అవతల ఉన్నా పట్టేస్తాను. మీ కంప్యూటరు ఆటలో గోదా ఉంది కదా, రోజూ నా బొమ్మను అక్కడికి నడిపించుకెళ్తాను, అక్కడ కత్తియుద్ధాల మీద నేను ఎవడి మీద పందెం కాస్తే వాడే పడుతున్నాడు. వరసగా పదకొండుసార్లు! పక్కింటి గాంచో కూడా తన బొమ్మతో వస్తాడు, వాడు కాసినవాడేమో ప్రతిసారీ గెలుస్తున్నాడు. ఇదేం న్యాయం?

మాటామాటా పెరిగి గాంచోతో నోరు జారాను. ఈ నెల ముప్పైన జరిగే పెద్ద పోటీలో ఎవరు కాసినవాడు గెలిస్తే, మా అమ్మ నాకిచ్చిన రాగి కాగు వాళ్ళది. ఏటా మా వీధి వీధంతా మా పెరట్లో చేరి ఎర్ర మిరపకాయల పచ్చడి ఉడికించేది ఆ కాగులోనే. అది పోతే నా పెరట్లోకి పిల్లి కూడా రాదు. కాబట్టి మీలో లంచం తిన్నదెవరో వెంటనే తేల్చండి.

ఇట్లు,
త్సోన్కా గెర్జికోవా

తా.క. లంచం గాంచో కాచిన రేగుపళ్ళ సారా అయ్యుంటుంది. సారా మంచిదే, కాదనను.


బ్రనో, సెప్టెంబరు 9

గౌరవనీయులైన త్సోన్కా గారికి,

నమస్కారాలు. లెక్కలన్నీ చూశాం. ఎక్కడా మోసం లేదు. పందెం తెలివిగా కాయాలంటే నాలుగు మాటలు చెబుతాను. ఒళ్ళు చూసి మోసపోకండి, లావుపాటివాడు త్వరగా అలిసిపోతాడు. నిన్న ఆడినవాడి మీద ఇవాళ కాయకండి. పోటీకి ముందు గోదా గుమ్మం దగ్గరికి వెళ్ళి ఎవరు కుంటుతున్నారో చూడండి. ఉన్నదంతా ఒక్కడి మీద పెట్టకండి.

భవదీయుడు,
రాదిమ్ కోప్టా, ఫిర్యాదుల విభాగం

తా.క. నేను సారా ముట్టను. సోమవారం నాకు డ్రైవింగు పరీక్ష కూడా ఉంది. ఇది నాలుగోసారి.


దాబెవో, సెప్టెంబరు 17

రాదిమ్ బాబుకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. గుమ్మం దగ్గర నిలబడి అందరి కాళ్ళూ చూశాను. హోర్విన్ అని బక్కపలచటి పిల్లాడు, చురుగ్గా ఉన్నాడు, కుంటు లేదు, నిన్న ఆడలేదు. వాడి మీద కాశాను. గంట మోగింది. రెండడుగులు వేశాడో లేదో వెల్లకిలా పడ్డాడు! అవతలివాడు శ్రమ లేకుండా వాడి ఛాతీ మీద కాలుపెట్టి చేతులూపాడు. గాంచో మెట్ల మీంచి, "త్సోన్కా, నీ చెయ్యి పడితే చాలు, వాడి పని ఖాళీ!" అని ఒకటే నవ్వు. నా ఒళ్ళు మండిపోయింది. ఇది లంచం కాకపోతే మరేమిటి నాయనా?

కోపంగానే,
త్సోన్కా

తా.క. మా ఊళ్ళో ముఖ్యమైన పని మీద వెళ్ళేవాళ్ళకు గుమ్మంలో నీళ్ళు పోసి పంపుతాం, పని నీళ్ళలా సాఫీగా సాగాలని. సోమవారం నీ పేరు చెప్పి ఒక చెంబు పోశాను. ఆటలో గోదా గుమ్మం దగ్గర హోర్విన్‌కీ పోశాను. నేను పందెం కాసిన ప్రతివాడికీ పోస్తాను. కన్నతల్లులు దగ్గర లేరు, ఊరికే పంపడానికి నాదేమన్నా రాతిగుండా?


బ్రనో, సెప్టెంబరు 22

త్సోన్కా అవ్వకు,

పరీక్ష పాసయ్యాను! మీ చలవే. కానీ మీ తాజా కలం చదివి ఆఫీసంతా కుర్చీల్లోంచి లేచింది. అవ్వా, మా గోదా రాళ్ళు తడిస్తే జారతాయి. వాన పడిన రోజు కోసమని ముగ్గురం నాలుగు నెలలు కూర్చుని అలా చేశాం. చెంబుతో ఎవరైనా తడుపుతారని కలలో కూడా అనుకోలేదు. మీవాళ్ళను పడేస్తున్నది మీరే! నీళ్ళు పోయడం మానండి, గెలుస్తారు.

మీ రాదిమ్

తా.క. లేదా ఒకడికి నీళ్ళు పోసి, రెండోవాడి మీద కాయండి. ఇది మా మేనేజరు సలహా.


దాబెవో, సెప్టెంబరు 26

రాదిమ్ బాబుకు,

మీ మేనేజరుకు తల్లి ఉందా? ఒకడికి మంచి జరగాలని నీళ్ళు పోసి, వాడు ఓడిపోవాలని పందెం కాయాలా? ఛీ ఛీ, అది శాపం పెట్టడమే. కాగు పోయినా సరే, ఆ పని చెయ్యను.

మానడమూ నా వల్ల కాలేదు. ఇవాళ చెంబు వీపు వెనక దాచుకుని నిలబడ్డాను. కుర్రాడు వెళ్తూ నావంక చూశాడు. నా ప్రాణం ఊరుకోలేదు, పోసేశాను. పడ్డాడు.

ఇంకో సంగతి. గాంచో రోజూ స్తంభం చాటున నక్కి, నేను ఎవరికి పోస్తున్నానో చూసి, రెండోవాడి మీద కాస్తున్నాడట! ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. ఆ రాళ్ళు ఆరబెట్టరా బాబూ!

త్సోన్కా

తా.క. పాసయ్యావని తెలిసి వీధంతా మిఠాయిలు పంచిపెట్టాను. రాదిమ్ అంటే ఎవరని అందరూ అడిగారు.


బ్రనో, సెప్టెంబరు 29

అవ్వా,

రాళ్ళు మార్చడానికి నెల పడుతుంది. దయచేసి రేపు ఒక్కరోజు ఆ చెంబు దాచేయండి. ఇక్కడ అందరం దేవుడికి దండం పెట్టుకుంటున్నాం.

రాదిమ్


దాబెవో, అక్టోబరు 2

రాదిమ్ బాబును వెయ్యేళ్ళు వర్ధిల్లమని దీవిస్తూ,

విను. ముప్పయ్యో తారీకున చెంబు పట్టుకునే వెళ్ళాను. కుంటు లేనివాణ్ణి చూసి ముందే పందెం రాయించాను. గాంచో మామూలుగా స్తంభం చాటున ఉన్నాడు. వాణ్ణి చూస్తే ఎందుకో జాలేసింది. పెళ్ళాం పోయి తొమ్మిదేళ్ళు. వాడికీ ఇవాళ పెద్దరోజే కదా, వాడికి నీళ్ళు పోసేవాళ్ళెవరున్నారు? మనస్ఫూర్తిగా, ఒట్టు, మనస్ఫూర్తిగానే చెంబెడూ వాడి కాళ్ళ ముందు పోశాను. కుర్రాళ్ళెవరికీ చుక్క మిగల్లేదు.

గాంచోకు ఎవరి మీద కాయాలో పాలుపోలేదు. గంట మోగబోతుంటే పందేలు రాసే కిటికీకేసి పరిగెత్తాడు. జర్రున జారి, కిటికీ దాటి, మెట్లన్నీ దిగి, మీరు గీసిన మేకల దొడ్లో తేలాడు. లేచేసరికి కిటికీ మూసేశారు. పొడి కాళ్ళతో వెళ్ళిన నావాడు గెలిచాడు!

మర్నాడు గాంచో మా గేటు దగ్గరికొచ్చాడు. పోట్లాటకని చీపురు తీశాను. వాడు టోపీ నలుపుతూ, "నాకు కాగెందుకు త్సోన్కా, గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు. అది నా పెరట్లో ఉంటే ఏటా నువ్వూ వస్తావని..." అన్నాడు. టిక్కెట్టు లేని మొహాలు పట్టిన దాన్ని, ఈ మొహం ఇన్నాళ్ళూ పట్టలేకపోయాను. "పిలిస్తే రానా, మొద్దూ!" అని కసిరాను.

ఆ సాయంత్రమే కాగు ఇద్దరం చెరో చెవీ పట్టుకుని వాడి పెరట్లోకే మోసుకెళ్ళాం. వీధంతా అక్కడే ఉంది. నీకో సీసా పచ్చడి పంపుతున్నాను.

ఇట్లు,
త్సోన్కా అవ్వ

తా.క. మీ ఆటలో పెళ్ళిళ్ళు చేసే చోటేమన్నా ఉందా? నాకోసం కాదు, గాంచో అడగమన్నాడు.