సైరన్ లేని పేలుడు

గనుల భద్రతాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: బొగ్గు గని పేలుడులో నా బావమరిది చనిపోవుట – 'కాలు జారి మృతి' అన్న రిపోర్టును సరిదిద్దుట – నాపై తగిన నేరము నమోదు చేయుట గురించి.

ఇరవై రెండేళ్లుగా ఈ గనిలో రాతికి మందు కూరి పేల్చు పని చేసి, ప్రస్తుతం బెయిలుపై ఉన్న నేను మనవి చేసుకొనునది:

1. మా గని బొగ్గుతో పుట్టిన కరెంటు దూరపు నగరాలకు పోవును. గని పక్కనున్న మా వీధిలో మాత్రం రోజుకు నాలుగు మార్లు కోత. బొగ్గు ధూళికి నా భార్య ఊపిరితిత్తులు చెడినవి. ఆక్సిజన్ మిషను లేనిదే ఆమెకు గడవదు. సోలార్ మెకానిక్కయిన ఆమె తమ్ముడు మా డాబా మీద ఆరు పలకలు బిగించెను. "ఎండకి కోతలుండవు బావా. అక్క మిషను ఇంక ఆగదు," అన్నాడు. ఆగలేదు. అయితే గని దుమ్ము ఆ పలకలనూ వదలదు గనుక, రోజూ పొద్దున్నే వచ్చి తడిగుడ్డతో తుడిచేవాడు.

2. గత మంగళవారం తమరు పదింటికి తనిఖీకి వచ్చెదరని, ఈలోగా ఆ రోజు పేలుడు ముగించమని మేనేజరు ఆజ్ఞాపించెను. అప్పటికి సమయం ఎనిమిది. సైరన్ కాలిపోయి నాలుగు రోజులైనది.

"సైరన్ లేకుండా పేల్చను సార్. వీధిలో జనం తిరిగే టైము," అన్నాను.

"రాయి ఎప్పుడైనా కంచె దాటిందా? బటన్ నొక్కుతావా, ఇంకొకణ్ణి పిలవనా?" అన్నాడు.

దాటిన రాళ్లను నేను చూసి ఉంటిని. అయినను నొక్కితిని.

3. రాయి మా డాబా మీద పడినది. నేను పరుగున పోయేసరికి నా బావమరిది వెల్లకిలా ఉన్నాడు. తల ఎడమ సగం లేదు. పగిలిన పలకల గాజు మెడలో దిగి ఉంది. అయ్యా, ఇటువంటివి ఏ కాలమ్‌లో రాయాలో నాకు తెలియదు. మిగిలిన తలను రెండు చేతులతో పట్టి ఎత్తాను. వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. కింద గదిలోంచి నా భార్య "ఏం పడింది? ఏం పడింది?" అని అడుగుతూనే ఉంది.

4. మేనేజరు వచ్చి శవం మీద దుప్పటి కప్పించి, ముందుగా ఆ రాయిని దించి జీపులో వేయమన్నాడు. మనిషి సంగతి తర్వాతట. వాకిట్లో ఉన్న గడ్డపార తీసి అతని మోకాలి మీద కొట్టాను. చిప్ప పగిలిన చప్పుడు విన్నాను. విని, మళ్లీ కొట్టాను. మూడోది తలకు ఎత్తినప్పుడు అతని మనుషులు నలుగురు నన్ను పడేసి, బూట్లతో తొక్కి మూడు పక్కటెముకలు విరిచిరి. అప్పటికే కిందికి దించిన రాయి ఆ గొడవలో మా వాకిట్లోనే ఉండిపోయినది.

5. మోకాలి కేసు ఒప్పుకొందును. కానీ మోకాలు విరిచినందుకు కేసున్నది, తల పగలగొట్టినందుకు లేదు. తమ కార్యాలయ రిపోర్టులో అతడు తడి డాబాపై కాలు జారెనని ఉన్నది. తొమ్మిది కిలోల ఆ రాయి మా మంచం కింద ఉంది. దాని ఒక పక్క డ్రిల్లు దిగిన గాడి కనబడుచున్నది. అది మందు కూరుటకు నేను వేయించిన రంధ్రమే.

6. నేటి ఉదయం కూడా సైరన్ లేకుండానే పేల్చిరి. నొక్కినవాడు వేరొకడు. పక్కింటి ముసలాయన ఇంకా మంచం కిందినుంచి బయటికి రాలేదు.

కావున రిపోర్టును మార్చి, ఆ మరణమునకు ఆజ్ఞ ఇచ్చిన మేనేజరును, నొక్కిన నన్ను ముద్దాయిలుగా చేర్చి, సైరన్ మోగువరకు పేలుళ్లు ఆపించవలెను. కాగితం మీద కాక, తమరు మా ఇంటికి వచ్చి ఆ డాబా ఎక్కి చిత్తగించవలెనని వేడుకొను,

తమ విధేయుడు,
బటన్ నొక్కినవాడు

తా.క. నొక్కింది నేనేనని ఇది రాసేవరకు నా భార్యకు తెలియదు. పంపేముందు ఇది ఆమెకు చదివి వినిపించాను. రెండో అంశం దగ్గర మాస్కు తీసేసింది. అంతా విన్నాక స్టీలు చెంబుతో నా నోటి మీద కొట్టింది. కాగితం మీది మరక అదే. చాలాసేపు ఊపిరందక గోడకు ఆనుకుని కూర్చుంది. తర్వాత, "సాక్షి ఎక్కడ సంతకం పెట్టాలి?" అంది. కింద ఉన్నది ఆమె సంతకం. నీ భార్యనని రాయొద్దంది. 'చనిపోయినవాడి అక్క' అని తనే రాసుకుంది.